క్యాజువాలిటీ ముందర ఎదురుచూపు



ఆదివారము ప్రార్థన విన్నపములు చదివేటప్పుడు ఒక మాట మనము తరచుగా వింటున్నాము. "రాత్రి పెద్దాసుపత్రికి తీసుకొని పోయారట. తెల్లవారినా ఇంకా పెద్ద డాక్టరుగారు చూడలేదట." ఆ మాట వినగానే కొందరు "సర్కారు ఆసుపత్రి అంటే అంతే" అని నిట్టూరుస్తారు. కొందరు డాక్టర్లను తిట్టిపోస్తారు. ఇంకొందరు ఈసారి పొలము తాకట్టు పెట్టైనా ప్రైవేటుకే పోవాలని నిశ్చయించుకుంటారు. వీటిలో ఏదీ ఆ రాత్రి స్ట్రెచర్ మీద పడుకొని ఉన్న మనిషికి ఉపయోగపడదు.

ఆ ఎదురుచూపును కొంచెము విడదీసి చూద్దాము. అందులో మూడు భాగములు ఉన్నాయి. ఒకటి, ఆసుపత్రిలో మనుషులు, మంచములు చాలక కలిగేది. రెండు, వైద్యములో భాగముగా తప్పనిసరిగా ఉండేది. మూడు, మనము ఇల్లు కదలకముందే మన చేతులతో మనమే చేసుకొనేది. మొదటి దానిని హక్కుగా ప్రశ్నించాలి. రెండవ దానిని ఓర్చుకోవాలి. మూడవ దానిని పూర్తిగా మానుకోవాలి. ఏది ఏదో తెలియకపోతే ఓర్చుకోవలసిన చోట గొడవపడతాము, అడగవలసిన చోట నోరు మూసుకుంటాము.

అంత రద్దీ ఎందుకు?

ప్రభుత్వ ప్రమాణముల ప్రకారము మైదాన ప్రాంతములో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, కొండ ప్రాంతములలోను గిరిజన ప్రాంతములలోను 20,000 మందికి ఒకటి ఉండాలి. దానిపైన మైదానములో 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రము. ఆపైన ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, చివరకు వైద్య కళాశాలతో కలిసిన పెద్దాసుపత్రి. మెట్లు చక్కగానే ఉన్నాయి. కాని కింది మెట్టు మీద మత్తు డాక్టరు లేకపోయినా, రక్తము నిలవ లేకపోయినా, స్కానింగు లేకపోయినా రోగిని పైకి పంపక తప్పదు. అలా పంపగా పంపగా అందరూ ఒక్కచోటికే చేరతారు. విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రికి శ్రీకాకుళము, విజయనగరముల నుండే గాక ఒడిశా నుండి కూడా రోగులు వస్తారు. వరంగల్ ఎం.జి.ఎం.కు, గుంటూరు, కాకినాడ, కర్నూలు పెద్దాసుపత్రులకు కూడా చుట్టుపక్కల జిల్లాల భారము ఉన్నది.

ఇంకొక కారణము బయటికి కనబడదు. క్యాజువాలిటీలో మంచము ఖాళీ కావాలంటే అక్కడి రోగి వార్డుకు పోవాలి. వార్డులో మంచము ఖాళీ కావాలంటే అక్కడి రోగి కోలుకొని ఇంటికి పోవాలి. మురుగు కాలువ దిగువన పూడిపోతే ఎగువ చేను మునిగినట్లు, వార్డులు నిండిపోతే ఆ ఒత్తిడి అంతా గుమ్మము దగ్గరకు వస్తుంది. గుమ్మములో నిలబడిన డ్యూటీ డాక్టరు దానికి కారకుడు కాడు, కాని తిట్లు మాత్రము ఆయనకే.

ధనిక దేశములలో కూడా ఈ బాధ ఉన్నది. మన పిల్లలు అనేకులు నర్సులుగా, డాక్టర్లుగా పనిచేస్తున్న ఇంగ్లండులో వైద్యము ప్రభుత్వమే నడుపుతుంది. అత్యవసర విభాగమునకు వచ్చిన వారిలో నూటికి 95 మందిని నాలుగు గంటలలోగా చూసి, చేర్చుకోవడమో ఇంటికి పంపడమో చేయాలని వారు లక్ష్యము పెట్టుకున్నారు. 2015 జూలై తరువాత ఏళ్ల తరబడి ఆ లక్ష్యమును అందుకోలేకపోయారు. అక్కడ కూడా వార్డులలో మంచములు ఖాళీ కాకపోవడము ఒక ముఖ్య కారణము.

ముందు వచ్చినవారు ముందు కాదు

రేషను షాపు దగ్గర ముందు వచ్చినవారికి ముందు ఇస్తారు. క్యాజువాలిటీలో ఆ పద్ధతి చెల్లదు. ఎవరి ప్రాణము ముందు పోయేటట్లు ఉన్నదో వారిని ముందు చూడాలి. రెండు వందల ఏళ్ల క్రితము నెపోలియను సైన్యములో పనిచేసిన డొమినిక్ లారే అనే శస్త్రవైద్యుడు ఈ పద్ధతిని యుద్ధభూమిలో అమలు చేశాడు. సేనాధిపతియా, మామూలు సిపాయియా అని చూడకుండా గాయము తీవ్రతను బట్టి వరుస పెట్టాడు. నేడు ఆసుపత్రులలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో రోగులను వేరుచేయడము ఆ ఆలోచన నుండి వచ్చినదే.

కాబట్టి మన తరువాత వచ్చిన వారిని ముందు లోపలికి తీసుకొనిపోతే అది ప్రతిసారీ సిఫారసు కాదు. కాలు విరిగి కేకలు పెట్టే కుర్రవాని కంటే, మూలన చెమటలు కారుస్తూ మాట లేకుండా కూర్చున్న ముసలమ్మ ప్రాణము ఎక్కువ ప్రమాదములో ఉండవచ్చును. ఆ ముసలమ్మ మన ఇంటి మనిషే అయితే, ఆమె బదులు నోరు విప్పవలసినది మనమే.

మొదటి బల్ల దగ్గర చెప్పే నాలుగు మాటలు చాలా విలువైనవి. ఏమి జరిగింది, సరిగ్గా ఎన్ని గంటలకు మొదలైంది, షుగరు, బి.పి., గుండె జబ్బు, గర్భము వంటివి ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు. అంతే చెప్పండి. వాడే మాత్రల అట్టలు, పాత చీటీలు వెంట తీసుకొని పొండి. కూర్చున్న తరువాత రోగికి ఊపిరి అందకపోయినా, మగత వచ్చినా, మాట తడబడినా, రక్తము ఆగకపోయినా వెంటనే లేచి నర్సమ్మగారికి చెప్పండి. "వచ్చినప్పటికంటే ఇప్పుడు ఎక్కువైంది" అనే మాట వరుసను మార్చగలదు. ఊరికే "మమ్మల్ని ఎవరూ పట్టించుకోవడము లేదు" అంటే మార్చదు.

కొన్ని నిరీక్షణలు వైద్యములో భాగమే. పాము కరిచిన వారి రక్తము తీసి గాజు గొట్టములో పోసి 20 నిమిషములు కదపకుండా ఉంచుతారు. గడ్డ కట్టకపోతే విషము రక్తములోకి ఎక్కినట్లు తెలుస్తుంది. కట్లపాము కాటుకు నొప్పి, గాటు కనబడకపోవచ్చును గనుక గంటల తరబడి కనిపెట్టి ఉండాలి. తలకు దెబ్బ తగిలిన వారిని, ఛాతీ నొప్పి వచ్చిన వారిని కూడా కొన్ని గంటలు ఉంచి మళ్లీ పరీక్షిస్తారు. "ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు" అని అలిగి రోగిని ఇంటికి తెచ్చుకొనవద్దు. "దేనికోసము ఆగుతున్నాము? మళ్లీ ఎప్పుడు చూస్తారు?" అని మర్యాదగా అడగండి.

ఇంటి దగ్గర పోగొట్టే గంటలు

ఇది చెప్పడము కష్టముగానే ఉన్నది. ఆసుపత్రిలో రెండు గంటలు ఆగినందుకు కోప్పడే మనము, ఇంటి దగ్గర పోగొట్టిన గంటలను లెక్కలోనికి తీసుకోము. గుండె నొప్పిని గ్యాసు అనుకొని సోడా తాగిస్తాము. మూతి వంకర పోతే నూనె రాసి తెల్లవారనిమ్మంటాము. పాము కరిస్తే మంత్రము వేయించి, ఆకు పసరు పోసి, ఆ తరువాత ఆటో మాట్లాడతాము.

మూతి ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతము కావచ్చును. మెదడులోని రక్తనాళము గడ్డతో మూసుకొనిపోయినదైతే, గడ్డను కరిగించే ఇంజక్షను మొదలైన నాలుగున్నర గంటలలోపలనే ఇవ్వాలి. దానికి ముందు స్కానింగు చేయాలి. ఆ సమయము దాటితే పెద్ద డాక్టరు ఎదురుగా ఉన్నా ఆ ఇంజక్షను ఇవ్వలేరు. అటువంటి రోగికి నోట నీళ్లు, మాత్రలు, జావ పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. పాము కరిచిన చోట కొయ్యరాదు, నోటితో పీల్చరాదు, తాడుతో బిగించి కట్టరాదు. ఉంగరములు, గాజులు, మెట్టెలు తీసివేసి, కాలు చేయి కదలకుండా ఉంచి బయలుదేరాలి. పామును పట్టి తెచ్చే పని పెట్టుకోరాదు. విషమునకు విరుగుడు మందు సర్కారు ఆసుపత్రులలో ఉచితముగా ఇస్తారు.

108 వాహనము 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, తరువాత పల్లెలకు కూడా వచ్చింది. ఫోను చేసినప్పుడు ఊరి పేరు, మండలము, ఒక గుర్తు చెప్పండి. బండి ఎంతసేపటిలో వస్తుందో అడగండి. మరీ ఆలస్యమయ్యేటట్లు ఉంటే ఉన్న బండిలో బయలుదేరండి. ముఖ్యముగా, ఈ జబ్బుకు ఏ ఆసుపత్రికి పోవాలో ముందే అడగండి. స్కానింగు లేని చోటికి పోయి, అక్కడి నుండి మరొక చోటికి పోతే దారిలోనే సమయము అయిపోతుంది.

అడగడము తప్పు కాదు

ఇప్పుడు మొదటి భాగమునకు వద్దాము. 1989లో సుప్రీంకోర్టు ముందుకు ఒక సంగతి వచ్చింది. స్కూటరు మీద పోతున్న మనిషిని కారు గుద్దింది. దగ్గరి ఆసుపత్రివారు ఇది పోలీసు కేసు అని చెప్పి 20 కిలోమీటర్ల దూరములోని ఆసుపత్రికి పొమ్మన్నారు. దారిలో ఆయన ప్రాణము పోయింది. ప్రమాదములో ఉన్న మనిషిని కాపాడడము ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రతి వైద్యుని బాధ్యత అని, పోలీసు తంతు దానికి అడ్డు కారాదని కోర్టు చెప్పింది.

1992 జూలైలో పశ్చిమ బెంగాలులో వ్యవసాయ కూలీల సంఘమునకు చెందిన ఒకాయన రైలు నుండి పడి తలకు తీవ్రమైన దెబ్బ తగిలింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము నుండి మొదలుపెట్టి కలకత్తాలోని అనేక సర్కారు ఆసుపత్రులకు తిప్పారు. ఒకచోట మంచము లేదన్నారు, ఒకచోట సౌకర్యము లేదన్నారు. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పెట్టి బ్రతికాడు. 1996లో సుప్రీంకోర్టు ఆయనకు 25,000 రూపాయలు పరిహారము ఇప్పించింది. సమయమునకు వైద్యము అందించకపోవడము రాజ్యాంగములోని 21వ అధికరణము ఇచ్చిన జీవించే హక్కును భంగపరచడమేనని, డబ్బు లేదని ప్రభుత్వము తప్పుకోరాదని తీర్పు చెప్పింది. కింది ఆసుపత్రులలోనే రోగిని నిలబెట్టే సౌకర్యములు ఉండాలని, ఎక్కడ మంచము ఖాళీ ఉన్నదో తెలుసుకొని అక్కడికే పంపే ఏర్పాటు ఉండాలని కూడా చెప్పింది. ఒక కూలీ మనిషి పడిన యాతన వలన దేశములోని బీదలందరికీ ఈ మాట దొరికింది.

కనుక "ఇక్కడ కాదు, వేరే చోటికి పొండి" అన్నప్పుడు మనము మూడు సంగతులు అడగవచ్చును. ముందు ప్రథమ చికిత్స చేసి పంపమనండి. ఎందుకు పంపుతున్నారో, ఏ మందు ఇచ్చారో చీటీ మీద వ్రాసి ఇమ్మనండి. అవతలి ఆసుపత్రికి ఫోను చేసి మంచము, డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోమనండి. అయినా వినకపోతే క్యాజువాలిటీ మెడికల్ ఆఫీసరు, ఆర్.ఎం.ఓ., సూపరింటెండెంటు ఉంటారు. వారిని అడగండి. ఇది భిక్ష కాదు.

దారిలో పడి ఉన్న పరాయి మనిషిని ఆసుపత్రికి చేరిస్తే కేసులో ఇరుక్కుంటామని భయపడేవారు ఇంకా ఉన్నారు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము అటువంటి సహాయకునికి రక్షణ ఇచ్చింది. తన పేరు చెప్పమని ఆయనను బలవంతపెట్టరాదు. ఆ చట్టములో సహాయకునికి పెట్టిన పేరు 'గుడ్ సమారిటన్', అంటే మనము చిన్నప్పటి నుండి ఎరిగిన మంచి సమరయుడే.

మన వంతు

అడగడము వేరు, మీద పడడము వేరు. డాక్టరు మీద చెయ్యి చేసుకొన్న రోజున పని ఆగిపోతుంది, లోపల ఉన్న రోగులందరూ నష్టపోతారు. ఊరంతా కలిసి క్యాజువాలిటీలోనికి పోవద్దు. చదువు వచ్చిన, నెమ్మదిగా మాట్లాడగల ఒక్కరు లోపల ఉండాలి. మిగిలినవారు రక్తము ఇవ్వడానికి, మందులు తేవడానికి, ఇంటి దగ్గర పిల్లలను చూడడానికి పనికివస్తారు. ఆధారు, ఆరోగ్యశ్రీ లేక ఎన్టీఆర్ వైద్యసేవ కాగితములు తేవలసినవారు తరువాత తేవచ్చును. వాటికోసము రోగిని ఇంటి దగ్గర ఆపవద్దు.

ఈ నెల స్త్రీల కూడికలోనో యౌవనుల కూడికలోనో ఒక కాగితము తయారు చేయండి. దానిలో ఊరిలో రాత్రివేళ బండి తీయగలవారి పేర్లు, ఎవరిది ఏ గ్రూపు రక్తము, స్కానింగు ఉన్న దగ్గరి సర్కారు ఆసుపత్రి ఏది, పాము మందు ఎక్కడ ఉన్నది, ఆసుపత్రిలో తోడు ఉండి మాట్లాడగలవారెవరు, ఇవన్నీ వ్రాయండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో డాక్టరు ఖాళీ ఉంటే, ఆ కేంద్రము మీద ఆధారపడిన ఊళ్లవారందరూ కులము, మతము చూడకుండా కలిసి జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి అర్జీ పెట్టండి. పెద్దాసుపత్రి ముందర వరుస తగ్గాలంటే మన మండలములో ఆ డాక్టరు ఉండాలి.