పొడి చెత్త బండ్లు మోస్తున్నది గాలినే
హైదరాబాద్ మునిసిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



మన నగరంలో ఇంటింటికీ తిరిగే స్వచ్ఛ ఆటోల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముఖ్యంగా వాటిలో పోగయ్యే పొడి చెత్త ఎంత చోటు తింటున్నదో మీ దృష్టికి తేవాలన్నది నా ఉద్దేశం. 2015 నవంబరులో ఈ ఆటోలు రోడ్డెక్కినప్పటి నుంచి చెత్త మీద మాటంతా టన్నుల్లోనే నడుస్తోంది. జవహర్‌నగర్ డంప్‌యార్డుకు రోజూ 7 వేల టన్నులకు పైగా చేరుతోందని అధికారులు చెబుతారు, పత్రికలు అదే రాస్తాయి, మేమూ అదే చదువుతాం. టన్నుల లెక్క ఉండాల్సిందే. కానీ ఒక ఆటో ఒక ట్రిప్పులో ఎన్ని ఇళ్లు తిరగగలదు, చెత్త దించే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు ఎన్నిసార్లు పోయి రావాలి అన్నది తేలేది బరువు దగ్గర కాదు, తొట్టి ఎప్పుడు నిండుతుందన్న దగ్గర.

ఒక చిన్న లెక్క చూడండి. టాటా ఏస్ తరగతి బండ్లకు చెత్త కోసం బిగించే తొట్టి సాధారణంగా 1.8 ఘనపు మీటర్లు, అంటే 1,800 లీటర్లు ఉంటుంది. బండి మోయగల బరువు సుమారు 750 కిలోలు. ఇందులో లీటరు నీళ్ల సీసాలే నింపామనుకుందాం. సందు లేకుండా పేర్చినా 1,800 సీసాలకు మించి పట్టవు. ఒక్కో ఖాళీ సీసా 25 గ్రాములనుకున్నా మొత్తం 45 కిలోలు. 750 కిలోలు మోయగల బండి 45 కిలోలకే నిండిపోయి ఇక చోటు లేదంటుంది. ఆ 25 గ్రాముల ప్లాస్టిక్‌ను కరిగించి ముద్ద చేస్తే సుమారు 18 మిల్లీలీటర్లే. లీటరు చోటులో మిగతా 982 మిల్లీలీటర్లూ గాలే. డీజిల్ తగలేసి, ట్రాఫిక్‌లో నిలబడి, ట్రాన్స్‌ఫర్ స్టేషన్ దగ్గర వరుసలో కాచుకుని మనం ఊరు దాటిస్తున్నది ఈ గాలిని.

తడి చెత్తకు ఈ బాధ లేదు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, మామిడి టెంకలు వాటి బరువుకు అవే కుంగి సర్దుకుంటాయి. బియ్యం బస్తా పక్కన బొరుగుల బస్తా పెట్టినట్టే ఉంటుంది తడి చెత్త పక్కన పొడి చెత్త. ఈ తేడా ఎక్కడా రికార్డు కాదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో ఉన్నది కాటా ఒక్కటే. కాటాకు గాలి కనబడదు. సగం బరువైనా లేని బండి నిండుగా వచ్చిందో ఖాళీగా వచ్చిందో ఆ చీటీ చెప్పదు. రవాణా చెల్లింపులు కూడా టన్నుల మీదే ఉన్నప్పుడు చోటు గురించి ఆలోచించాల్సిన అవసరం ఎవరికీ రాదు. ఆ భారమంతా చివరికి బండి నడిపే కుటుంబం మీద పడుతోంది.

కుటుంబం అని ఎందుకంటున్నానంటే, చాలా ఆటోల్లో భర్త బండి నడుపుతాడు, భార్య వెనక తొట్టిలో నిలబడి చెత్త వేరు చేస్తుంది. పొద్దున తొమ్మిదికీ పదికీ మధ్య ఏ కాలనీలోనైనా ఒక్క ఆటోను దగ్గర నుంచి చూడండి. తొట్టి అంచుల మీద అట్టలు, ఇనుప జాలీ కట్టి ఎత్తు పెంచుకుని ఉంటారు. రెండు పక్కలా కొక్కాలకు గోనె సంచులు వేలాడుతుంటాయి: ఒకదాంట్లో సీసాలు, ఒకదాంట్లో అట్టపెట్టెలు, చిన్న సంచిలో ఇనుము, అల్యూమినియం డబ్బాలు. ఆ పైన ఆవిడ నిలబడి కాళ్లతో తొక్కుతూ ఉంటుంది. తొక్కితే తప్ప తర్వాతి వీధి చెత్త పట్టదు. కాళ్లకు మామూలు రబ్బరు చెప్పులు. ఆ చెప్పుల కింద పగిలిన గాజు ఉండొచ్చు, ఇన్సులిన్ సూది ఉండొచ్చు, కాగితంలోనైనా చుట్టకుండా పడేసిన శానిటరీ ప్యాడ్ ఉండొచ్చు. కమిషనర్ గారూ, ఈ మహానగరంలో పొడి చెత్తను అణిచే యంత్రం ఇవాళ్టికీ ఒక ఆడమనిషి పాదాలే. ఇది ఆగాలి. నేను రాసే మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

చోటు సమస్య ఇంకో పని కూడా చేస్తోంది. ఏది మళ్లీ వాడకంలోకి వస్తుంది, ఏది జవహర్‌నగర్ గుట్టలో కలుస్తుంది అన్నది అదే నిర్ణయిస్తోంది. ఏరిన సరుకును పాత సామాన్ల కొట్లో అమ్ముకోవడం ఆటో కుటుంబానికి ముఖ్యమైన రాబడి. ఉన్నవి నాలుగైదు సంచులు. వాటిలోకి ఏది చేరుతుంది? చోటుకు తగ్గ డబ్బు వచ్చేదే చేరుతుంది. నీళ్ల సీసాలు, అట్టలు, లోహాలు మిగులుతాయి. పలచటి కవర్లు, జ్యూస్ డబ్బాలు, థర్మోకోల్, పెరుగు కప్పులు కిలో లెక్కన అంతంత మాత్రం ధర పలికేవి, పైగా ఉబ్బి చోటు తినేవి. అవి తడి చెత్తతో కలిసిపోతాయి. ఆటోవాళ్లను తప్పుబట్టడానికి ఇందులో ఏమీ లేదు. ఉన్న చోటులో వాళ్లు చేయగలిగింది చేస్తున్నారు. ఆ చోటు రెట్టింపైతే ఏరే సరుకూ పెరుగుతుంది.

బండిలో చోటు మిగలాలంటే మొదటి పని మా ఇళ్లలోనే జరగాలి, దానికి మీ నుంచి కచ్చితమైన మాట కావాలి. ‘తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు’ అన్న పాట ఆటో మైకులో ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. అందులో ‘నొక్కి ఇవ్వండి’ అన్న మాట లేదు. సీసా మూత తీసి, మిగిలిన నీళ్లు వంచేసి, నొక్కి, చదునుగా ఉండగానే మూత బిగించాలి. మూత ముందే బిగించి ఉంటే లోపలి గాలికి దారి లేక ఎంత తొక్కినా మళ్లీ ఉబ్బుతుంది. మూత ప్లాస్టిక్ వేరు కదా, అది విడిగా ఇవ్వాలా అని కొందరు అడుగుతారు. అవసరం లేదు. రీసైక్లింగ్ మిల్లులో ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో వేస్తే సీసా ప్లాస్టిక్ మునుగుతుంది, మూత ప్లాస్టిక్ తేలుతుంది, అక్కడే విడిపోతాయి. వాడాక సీసాను నలిపేయమని చాలా కంపెనీల లేబుళ్ల మీదే అచ్చయి ఉంటుంది, కాకపోతే కళ్లజోడుకైనా అందనంత చిన్న అక్షరాల్లో. ఆ మాటను తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఆటో మైకు గట్టిగా చెప్పాలి.

అట్టపెట్టెల సంగతి ఇంకా ముఖ్యం. ఆన్‌లైన్ ఆర్డర్ల పుణ్యమా అని గేటెడ్ కమ్యూనిటీల సెల్లార్లలో పెట్టెలు ఎలా వచ్చాయో అలాగే, టేపు కూడా విప్పకుండా కుప్పపడి ఉంటున్నాయి. నాలుగు మూలలా టేపు కోసి చదును చేసి తాడుతో కట్టడానికి ఒక్కో పెట్టెకు అర నిమిషం చాలు. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే సముదాయాలను 2016 ఘన వ్యర్థాల నిబంధనలు ప్రత్యేకంగా గుర్తించి, వాటిపై అదనపు బాధ్యత పెట్టాయి. ఆ బాధ్యతలో చదును చేసి కట్ట కట్టి ఇవ్వడాన్ని కూడా చేర్చండి. అలా ఇవ్వని అపార్ట్‌మెంట్ల నుంచి ఎక్కువ రుసుము వసూలు చేసుకునే హక్కు ఆటోవాళ్లకు ఇవ్వండి. మా సంఘాలు మొదట గొణుగుతాయి. తర్వాత అలవాటు చేసుకుంటాయి.

బయటి దేశాల్లో ఇది కొత్త కాదు. జపాన్‌లో సీసా కడిగి నలిపి ఇవ్వమని, అట్టలు మడిచి తాడు కట్టి ఇవ్వమని పట్టణాలే ఇంటింటికీ నియమాలు పంచుతాయి. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడే సీసాల మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంది. దుకాణంలో యంత్రం సీసా మీది గుర్తు చదివి, డబ్బుకు చీటీ ఇచ్చి, సీసాను అక్కడికక్కడే నలిపేస్తుంది. నలిపిన సీసాకు రెండోసారి డబ్బు అడగడం కుదరదు, లారీలో గాలి మోయాల్సిన పనీ ఉండదు. మన రైల్వే స్టేషన్లలోనూ సీసాలు నలిపే యంత్రాలు పెట్టారు. అంటే విషయం మనకు తెలియనిది కాదు, ఇంటి ముందుకు రాలేదు, అంతే.

రెండో పని గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే తప్పు జరిగే ప్రమాదం ఉంది. ‘పరిమాణం తగ్గించాలి’ అనగానే చెత్తను అణిచే కాంపాక్టర్ లారీలు ఇంకా కొందామన్న ఫైలు కదులుతుంది. దయచేసి అలా చేయకండి. తడీ పొడీ కలిసిన చెత్తను కాంపాక్టర్‌లో అణిస్తే సాంబారు అట్టలోకి ఇంకుతుంది, గాజు పెంకులు కాగితంలో దిగబడతాయి, నూనె కవర్లు సీసాలకు అతుక్కుంటాయి. చోటు తగ్గుతుంది కానీ అమ్ముడుపోయే సరుకు చెత్తగా మారుతుంది. నొక్కడం ఎప్పుడూ వేరు చేసిన తర్వాతే జరగాలి.

అందుకే పొడి చెత్తకు వేరే రోజులు పెట్టమని కోరుతున్నాను. బెంగళూరులో వారానికి రెండు రోజులు పొడి చెత్తను విడిగా తీసుకునే పద్ధతి పెట్టారు. ఇందోర్‌లో బండిలోనే ఆరు రకాలకు వేరువేరు అరలు చేశారు. ఇందులో మనకు సులువైనది మొదటిది. బుధవారం, శనివారం అనుకుందాం, ఆ రోజుల్లో వార్డుకు కొన్ని ఆటోలు పొడి చెత్త మాత్రమే ఎక్కించుకుంటాయి. అప్పుడు ఆ బండ్లలో నొక్కే పలక బిగించడం కూడా సాధ్యమవుతుంది. తొట్టిని ఎత్తి కుమ్మరించడానికి హైడ్రాలిక్ పంపు ఉన్న బండ్లలో ఆ పంపుతోనే ఒక పలకను కిందికి దించవచ్చు. రెండు సంగతులు మాత్రం మీ ఇంజనీర్లకు చెప్పండి. పలక పైకి లేవగానే సీసాలు మళ్లీ ఉబ్బుతాయి, కాబట్టి వాటిని కిందే పట్టి ఉంచే పళ్లు తొట్టి గోడలకు ఉండాలి. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కి ఉంచితేనే పలక కదలాలి, ఒక్క చెయ్యి తీసినా ఆగిపోవాలి. ఈ రెండోది లేని యంత్రం ఎంత చవకైనా కొనకండి. ఇవాళ ఆవిడ పాదాలకు ఉన్న ప్రమాదం రేపు చేతులకు రాకూడదు.

నొక్కకూడనివీ ఉన్నాయి. గాజు, ట్యూబ్‌లైట్లు, దోమల మందు, సెంటు స్ప్రే డబ్బాలు, ముఖ్యంగా పాత ఫోన్లు, పవర్ బ్యాంకుల లిథియం బ్యాటరీలు. ఒత్తిడికి బ్యాటరీ చిదికితే మంట లేస్తుంది, చుట్టూ ఉన్నదంతా అట్టా ప్లాస్టికే. పొడి చెత్త బండి మీద వీటికి ఎర్ర రంగు డబ్బా ఒకటి విడిగా ఉండాలి. థర్మోకోల్‌ను కూడా పలక కింద నొక్కొద్దు, పొడి పొడిగా విరిగి వీధంతా ఎగురుతుంది.

ఇక అసలు లాభం వార్డు స్థాయిలో ఉంది. పొడి చెత్త సేకరణ కేంద్రాలను ఇప్పటికే కొన్నిచోట్ల నడుపుతున్నారు. వాటిలో ప్రతి చోటా సరుకును నొక్కి కట్టలుగా (బేళ్లుగా) కట్టే నిలువు బేలింగ్ ప్రెస్ ఒకటి పెట్టండి. విడి సీసాలు ఘనపు మీటరుకు 25 కిలోలు కూడా ఎక్కవు. బేల్ కట్టాక అదే చోటులో 200 కిలోలకు పైగా పడతాయి. అంటే ఎనిమిది బండ్ల సరుకు ఒక్క బండిలో సరిపోతుంది, అదీ జవహర్‌నగర్ వైపు పోకుండా నేరుగా రీసైక్లింగ్ మిల్లుకు పోతుంది. ఆ బేల్ అమ్మిన డబ్బులో ఆటో కుటుంబం వాటా కాగితం మీద రాసి ఉండాలి. కేంద్రం వచ్చాక వాళ్ల సరుకు వాళ్ల చేయి దాటిపోయిందన్న మాట రాకూడదు. అలా జరిగితే వాళ్లు కేంద్రానికి రారు, పాత కొట్టుకే పోతారు, అది వాళ్ల హక్కు కూడా.

పెద్ద పథకం అడగడం లేదు. ఒక్క వార్డు తీసుకోండి. మూడు నెలలు వారానికి రెండు పొడి రోజులు, ఒక బేలింగ్ ప్రెస్, ఆ వార్డు ఆటోల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ మందపాటి అడుగున్న బూట్లు, చేతి తొడుగులు. కాటా చీటీలో ఇంకో రెండు గడులు చేర్చండి: బండి వచ్చేటప్పటికి తొట్టి ఎంతవరకు నిండింది, అందులో పొడి చెత్త ఎన్ని కిలోలు. మూడు నెలల తర్వాత ఆ అంకెలను తెలుగులో మీ వెబ్‌సైటులో, వార్డు ఆఫీసు గోడ మీద పెట్టండి. ట్రిప్పులు తగ్గాయా, ఆటో కుటుంబం రాబడి పెరిగిందా అన్నది అప్పుడు అందరికీ కనబడుతుంది. బూట్లకు మాత్రం మూడు నెలల ప్రయోగం అక్కర్లేదు. వాటిని ఈ వారమే నగరమంతా ఇప్పించండి.

భవదీయుడు,
ఒక హైదరాబాద్ పౌరుడు