అరుంధతి కనబడిందా? నిజం చెప్పండి

మన పెళ్లిళ్లలో ఒక తంతు ఉంటుంది. తాళి కట్టాక పంతులుగారు కొత్త జంటను బయటికి తీసుకొచ్చి, ఆకాశం వైపు వేలు చూపించి, 'అదిగో అరుంధతి, కనబడిందా?' అని అడుగుతారు. మిట్టమధ్యాహ్నం ముహూర్తమైనా సరే, ఇద్దరూ తల ఊపుతారు. వెనక నిలబడిన మనమూ ఊపుతాం. ఫొటోగ్రాఫర్ 'ఇంకోసారి సార్' అంటే అరుంధతి ఇంకోసారి కూడా కనబడుతుంది.

ఆచారాన్ని తప్పుపట్టడం లేదు. అదే తల ఊపుడు మన రెజ్యూమెల్లోకి కూడా వచ్చేసిందే అని నా బాధ. ఒక వీడియో చూసి 'మెషీన్ లెర్నింగ్‌లో అనుభవం' అని రాస్తాం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎక్కడో కొని కవర్ పేజీ మార్చుకుంటాం. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాం. నేనూ అలా దొరికినవాణ్ణే, అందుకే చెప్తున్నా.

ఇంజినీరింగ్ అయ్యాక పద్నాలుగు నెలలు గార్లదిన్నెలో మా ఇంట్లోనే ఉన్నాను. ఊరి పక్కనే హైదరాబాద్-బెంగళూరు హైవే. అటు ఉద్యోగాలున్న ఊరు, ఇటు ఉద్యోగాలున్న ఊరు, మధ్యలో నేను. ఆ రోజుల్లో అనంతపురంలో ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్ టెలిస్కోప్ ఒకటి కొన్నాను. ముందు అద్దం వెడల్పు 70 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 700. డబ్బా మీద '525 రెట్లు' అని పెద్ద అక్షరాలు. ఆ డబ్బా కూడా ఒక రకం రెజ్యూమేనే. అద్దం ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెండింతలు, అంటే ఈ టెలిస్కోప్‌కు 140 రెట్ల దాకా పనికొస్తుంది. అది దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్తగా ఏమీ తెలీదు, మసకే మిగులుతుంది.

రాత్రి మిద్దె ఎక్కుతుంటే మా నాయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "శెనక్కాయ పోయి మాకు పట్టపగలే చుక్కలు కనబడతాండాయి. నీకు రాత్రి గూడా కావల్నా?" నా దగ్గర జవాబు లేదు. మా జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. ఆయన మబ్బు కోసం ఆకాశం చూస్తాడు, నేను మబ్బు లేకుంటే బాగుండునని చూస్తాను. ఒకే మిద్దె, ఒకే ఆకాశం. ఇద్దరి కోరికా ఒకేసారి తీరే రాత్రి ఉండదు. నా సంతోషం వెనక ఆయన నష్టం ఉందన్న సంగతి ప్రతి తెల్లటి రాత్రీ గుచ్చుకునేది, ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మొదట చూసింది మృగవ్యాధుడిలోని నెబ్యులా, పుస్తకాల్లో ఎం42 అంటారు. ఇన్‌స్టాలో చూసిన గులాబి, ఊదా రంగులన్నీ వస్తాయనుకున్నా. కనబడింది బూడిద రంగు పొగ, అద్దం మీద ఊపిరి వదిలినంత. మోసపోయాననుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, తప్పు టెలిస్కోప్‌ది కాదు. మసక వెలుగులో మన కంట్లో పనిచేసే కణాలకు రంగులు తెలీవు. పైగా అవి కంటి మధ్యలో తక్కువ, పక్కల్లో ఎక్కువ. అందుకే మసక వస్తువును సూటిగా చూడకూడదు, కాస్త పక్కకు చూడాలి. ఫోన్ పక్కన పెట్టి ఇరవై, ముప్పై నిమిషాలు చీకట్లో కూర్చుంటే గానీ కన్ను సిద్ధం కాదు. అలా కూర్చుని మళ్లీ చూస్తే పొగకు రెక్కలొచ్చాయి. మధ్యలో ఒక్క చుక్క అనుకున్నది నాలుగు చుక్కలైంది. అక్కడి నుంచి వెలుగు బయల్దేరి మన దాకా రావడానికి దాదాపు 1,340 ఏళ్లు పడుతుంది.

ఆ రాత్రి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. తేదీ, టైము, గాలి, ఏ ఐపీస్, ఏం కనబడింది. ఒకటే నియమం: కనబడకపోతే 'కనబడలేదు' అని రాయాలి. వినడానికి తేలికే. మూడో వారంలో నేను 'చూశాను' అని రాసిన ఒక జంట చుక్కను తర్వాత సరిచూస్తే, నా టెలిస్కోప్‌తో అది విడదీయడానికే వీల్లేనిది. 70 మిల్లీమీటర్ల అద్దం విడదీయగల దూరం సుమారు 1.7 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). ఆ జంట మధ్య దూరం అంతకన్నా తక్కువ. అంటే పుస్తకంలో రెండు అని చదివాను కాబట్టి నాకు రెండు కనబడ్డాయి! పెళ్లిలో తల ఊపినట్టే. కొట్టేసి, పక్కన నిజం రాశాను.

అసలు అరుంధతి విషయానికొద్దాం. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉత్తరాన సప్తర్షి మండలం తోకలో, చివర నుంచి రెండో చుక్క వశిష్ఠుడు. ఆనుకుని మసకగా ఉన్నది అరుంధతి. మంచి కన్నుంటే టెలిస్కోప్ లేకుండానే కనబడుతుంది. చిన్న టెలిస్కోప్‌లో చూస్తే వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు, మధ్య దూరం 14 ఆర్క్ సెకన్ల పైచిలుకు. గెలీలియో శిష్యుడు కాస్టెల్లీ 1617లోనే ఇది చూశాడు. తర్వాత వర్ణపటాలు తీసి చూస్తే ఆ రెండింట్లో ఒక్కోటీ మళ్లీ జంటే. అరుంధతికి కూడా తోడుందని 2009లో తేలింది. మొత్తం ఆరు. పంతులుగారు చూపించేది చిన్న సంసారం కాదు, ఉమ్మడి కుటుంబం.

ప్రాజెక్టు కోసం వెతికేవాళ్లకు ఇక్కడే పని ఉంది. టెలిస్కోప్‌ను కదపకుండా వదిలేస్తే, భూమి తిరుగుతుంది కాబట్టి చుక్క దానంతటదే ఒక పక్కకు జారిపోతుంది. సెకనుకు 15 ఆర్క్ సెకన్లు. ఐపీస్‌కు ఫోన్ ఆనించి వీడియో తీస్తే, చుక్క సెకనుకు ఎన్ని పిక్సెళ్లు జరిగిందో చూసి ఒక్కో పిక్సెల్ విలువ తేల్చొచ్చు. ఆ తర్వాత జంట చుక్కల మధ్య పిక్సెళ్లు కొలవడమే. పైథాన్‌లో నలభై లైన్ల కోడ్. నేను హంస రాశిలోని ఆల్బిరియో తీసుకున్నా. ఒకటి బంగారు రంగు, ఒకటి నీలం, చిన్న టెలిస్కోప్‌లో ఇంత అందమైన జంట ఇంకోటి లేదని నా అభిప్రాయం. నా లెక్కలో 39 వచ్చింది. కేటలాగుల్లో ఉన్నది 34, 35 మధ్య.

నాలుగు రోజులు కోడ్‌లో వెతికాను. ఫోన్‌ను అనుమానించాను. ఐపీస్‌ను అనుమానించాను. చివరికి తప్పు ఇంటర్ లెక్కల్లో దొరికింది. సెకనుకు 15 అనేది ఖగోళ మధ్యరేఖ మీదున్న చుక్కలకే. ఆల్బిరియో దానికి 28 డిగ్రీలు ఉత్తరాన ఉంది. అక్కడ 15ను కాస్ 28తో గుణించాలి, వచ్చేది 13.2. సరిచేస్తే దూరం 34.4 అయింది. మిద్దె మీద ఒక్కణ్ణే గెంతాను.

తర్వాత ఒక ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ఇదే చెప్పాను. అడిగినాయన సరైన సమాధానం దగ్గర ఆగలేదు, 39 దగ్గర ఆగారు. 'తప్పని ఎలా తెలిసింది? మొదట దేన్ని అనుమానించావు? ఎందుకు?' ఇరవై నిమిషాలు అదే మాట్లాడుకున్నాం. ఉద్యోగం మాత్రం రాలేదు, వాళ్లకు జావా వచ్చినవాళ్లు కావాలి. ఆరు వారాలకు ఇంకోచోట వచ్చింది, అక్కడ టెలిస్కోప్ సంగతి ఎవరూ అడగలేదు. కాబట్టి చుక్కలు చూస్తే ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. కానీ ఆ మధ్యలో నా రెజ్యూమే రెండు పేజీల నుంచి ఒక పేజీకి తగ్గింది. ఏ లైను మీద వేలు పెట్టి అడిగినా 'నేను చేశాను' అని చెప్పలేనివన్నీ కొట్టేశాను. ఎన్ని పోయాయో చెప్పడానికి సిగ్గేస్తుంది.

దీన్నే వృత్తిగా పట్టుకోవచ్చా అని కొందరు అడుగుతారు. ఖగోళ పరిశోధన ఉద్యోగాలు తక్కువ, చదువు ఎక్కువ. అయితే టెలిస్కోప్ అంటే అద్దాలే కాదు, మోటార్లు, సెన్సర్లు, సాఫ్ట్‌వేర్. మన హైవే చివరన బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ ఉంది. లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల టెలిస్కోప్‌ను వాళ్లు బెంగళూరు పక్కన హోస్కోటె నుంచే నడుపుతారు. ఆదిత్య ఎల్1లోని కరోనాగ్రాఫ్ తయారైందీ అక్కడే. ఇవన్నీ ఇంజినీర్లు ఉంటేనే జరిగే పనులు. ఆ సంస్థను నిలబెట్టిన వైను బప్పు హైదరాబాద్‌లో పెరిగాడు, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవాడు. కాలేజీ రోజుల్లోనే, వెలుగు మారే నక్షత్రాలను గమనించి పేపర్లు ప్రచురించాడు. డిగ్రీ పూర్తయ్యే దాకా ఆగలేదు.

ఇంకొక మాట, మన ఊళ్ల గురించి. గార్లదిన్నె భూమధ్యరేఖకు 15 డిగ్రీల లోపే ఉంది. మే నెల రాత్రి దక్షిణాన, దిగంతానికి 14 డిగ్రీల ఎత్తులో ఆల్ఫా సెంటారీ కనబడుతుంది. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్ర కుటుంబం అది. లండన్ వాళ్లకు ఎప్పటికీ కనబడదు, ఢిల్లీ వాళ్లకు నేలకు అంటుకునే ఉంటుంది. చిన్న టెలిస్కోప్‌లో రెండుగా విడిపోతుంది. ఆ రెండూ దాదాపు 80 ఏళ్లకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. 2016 ప్రాంతంలో మన చూపుకు బాగా దగ్గరపడి ఇప్పుడు విడిపోతున్నాయి. ఏటా మేలో కొలిచి రాసుకుంటే, డిగ్రీ అయ్యేలోపు ఆ దూరం పెరగడం మీ సొంత లెక్కల్లోనే తెలుస్తుంది.

టెలిస్కోప్ కొనడానికి అప్పు చేయకండి. ముందు కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ బీరువాలో దుమ్ముపట్టినది ఏదైనా ఉందేమో అడగండి. లేకపోతే బైనాక్యులర్ చాలు, అరుంధతి దానికే దొరుకుతుంది. కొంటే డబ్బా మీది రెట్లు చూడకండి, అద్దం వెడల్పు చూడండి, స్టాండు ఊగుతుందేమో చూడండి. ఊగే స్టాండు కన్నా టెలిస్కోప్ లేకపోవడమే నయం. పగలు మాత్రం సూర్యుడి వైపు తిప్పొద్దు, ఒక్క క్షణం చాలు కన్ను పోవడానికి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తెల్లారకముందే కిందికి తెచ్చి మూత పెట్టేయండి.