అమావాస్యకు ఇంకెన్ని రోజులు?

"అవ్వా, బతుకమ్మకు ఇంకెన్ని దినాలున్నయే?"

వినాయకుడు నీళ్లలోకి వెళ్లిన మర్నాటి నుంచే సిద్దిపేట ఇళ్లలో ఈ ప్రశ్న మొదలవుతుంది. అవ్వ గోడ మీది క్యాలెండర్ వైపు చూడదు. చేను గట్టున గునుగు పూసిందా, తంగేడు పచ్చబడ్డదా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఆమె లెక్క పూలతో!

పాటల పండుగ అంటే వేదిక, మైకు, ముందు వరుసలో కుర్చీలు గుర్తుకొస్తాయి. బతుకమ్మకు ఇవేవీ అక్కర్లేదు. తొమ్మిది సాయంత్రాలు సాగే ఈ ఉత్సవంలో పాడేవాళ్లే వినేవాళ్లు. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. మృదంగం బదులు చప్పట్లు.

లెక్క మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలు. ముందురోజే తెంపి నీళ్లలో ఉంచిన పూలు కాబట్టి ఆ పేరు అంటారు. తర్వాత అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మ. రోజును పిలవడానికి తిథి ఎందుకు, నైవేద్యం పేరు చాలదూ? ఆరో రోజు మాత్రం అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, ఆడరు. పాటకూ సెలవన్నమాట. ఆపైన వేపకాయలు, వెన్నముద్దలు, అష్టమి నాడు సద్దులు.

ఇంత పక్కా లెక్కా 2020లో తప్పింది. సెప్టెంబరు 17న అమావాస్య వచ్చింది కానీ ఆ వెంటనే అధిక ఆశ్వయుజం పడింది. దసరా అక్టోబరు 25కి జరిగింది. ఎంగిలిపూలు ఇప్పుడు పేర్చాలా, నెల ఆగాలా అని ఇంటింటా చర్చే!

అసలు సన్నాహం అమావాస్యకు తొమ్మిది రోజుల ముందే మొదలవ్వాలి. అదే బొడ్డెమ్మ. పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో పీట మీద మెట్లుమెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు గుచ్చి, చుట్టూ తిరిగి ఆడతారు. పెద్దవాళ్ల పాటలు పిల్లల నోటికి ఎక్కేది అక్కడే. తప్పు పాడితే పక్కనున్న అక్క మోచేత్తో పొడుస్తుంది, అంతే. బడి, ట్యూషన్, హోంవర్క్ మధ్య చాలా వాడల్లో బొడ్డెమ్మే కనిపించకుండా పోతోంది.

గునుగు కూడా తగ్గుతోంది. అది నిజానికి చేలల్లో మొలిచే కలుపు. కలుపు మందు కొట్టిన చేలో దాన్ని వెతకడం దండగ. అయినా పూలు బజారులో కొనుక్కోవచ్చు. పాట ఎక్కడ కొంటారు? స్పీకరులో పెడతారు! 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక బతుకమ్మకు సందడి పెరిగింది, మంచిదే. సద్దుల నాడు కోమటిచెరువు కట్ట జనంతో నిండిపోతుంది. కానీ స్పీకరు మోత పెరిగిన చోట ఎత్తుకునే గొంతు వినపడదు. వినపడనప్పుడు అందుకునేవాళ్లూ మెల్లగా నోరు మూసేస్తారు. రామాయణ కథలు, అత్తింటి కష్టాలు చెప్పే పొడుగు పాటలు మొత్తం వచ్చినవాళ్లు వాడకు ఒక్కరో ఇద్దరో మిగిలారు.

ఓ ఇంట్లో మనవరాలికి ఇది తట్టింది. సెల్‌ఫోన్ తీసి "అవ్వా, ఆ పెద్ద పాట పాడు, రికార్డు చేస్తా" అంది. అవ్వ మంచం మీద కూర్చుని మొదలుపెట్టింది. నాలుగు చరణాలకే ఆగిపోయింది. మళ్లీ మొదలు, మళ్లీ అక్కడే ఆగింది.

"కూసుంటే యాదికి రాదు బిడ్డా. లే... చప్పట్లు గొట్టు."

మనవరాలు ఫోన్ కిటికీలో పెట్టి లేచింది. ఇద్దరూ వాకిట్లో ఓ చెంబు చుట్టూ తిరిగారు. ఐదో చరణం దానంతటదే వచ్చింది.

అమావాస్యకు ఇంకా ఆరు రోజులుంది.