తీరికవేళ : తపాలా బిళ్ళలు, ఆదివారపు కూటములు

“మా పిల్లవాడు ఇంటికి వచ్చిన ప్రతి కవరును లాగుకొని దానిపై బిళ్ళను కత్తిరించి దాచుచున్నాడు. చదువు చెడునేమో యని భయముగా నున్నది. దీనిని మాన్పించు టెట్లు?” అని యొక సోదరి మాకు వ్రాసియున్నారు. మాన్పింప వలదనియే మా మనవి. కాని కత్తెరను మాత్రము వాని చేతినుండి వెంటనే తీసికొనవలయును. ఎందుకో చెప్పెదము.

ఈ వేడుక మగపిల్లలదని మనలో పెక్కుమంది తలంపు. మొదటి తపాలా బిళ్ళ ఇంగ్లండునందు రోలండు హిల్లుగారి యేర్పాటు ననుసరించి 1840వ సంవత్సరము మే నెలలో వెలువడినది. దాని వెల యొక పెన్నీ, రంగు నలుపు. మరుసటి యేడే, అనగా 1841లో, లండను టైమ్సు పత్రికలో ఒక యువతి ప్రకటన వేయించినది. తన అలంకరణ గది గోడలకు ముద్రపడిన బిళ్ళలు అతికింపవలెనని ఆమె కోరిక. స్నేహితుల సాయమున అప్పటికే 16,000 కూడినవట. ఇంకను పంపుడని లోకమును వేడుకొన్నది. గోడకు జిగురుతో అంటిన వానిలో ఆ నల్లబిళ్ళలు ఎన్ని యుండెనో తలచుకొన్నచో నేటి సేకర్తలకు కడుపు తరుగుకొనిపోవును. ఆమె పేరు మాత్రము ఆ ప్రకటనలో లేదు. తరువాతి కాలమున అడిలెయిడ్ లూసీ ఫెంటన్ అను విదుషి ఈ విద్యపై వ్యాసములు వ్రాసినది. వానిక్రింద తన పేరు పెట్టుకొనక ‘హెర్బర్టు కమోయెన్స్’ అను మగపేరు పెట్టుకొన్నది. కనుక స్త్రీలు ఈ పనియందు మొదటినుండియు నున్నారు. పేరు కనబడకుండ నున్నారు, అంతియే.

మన దేశమున 1852లో సింధు ప్రాంతమునను, 1854లో దేశ మంతటను బిళ్ళలు వాడుకలోనికి వచ్చినవి. తెలుగువారికి అంతకంటె దగ్గరి ముచ్చట నిజాము రాజ్యపు బిళ్ళలది. హైదరాబాదు 1869 మొదలు తన బిళ్ళలను తానే వేసికొన్నది. వానిపై ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషులతో పాటు మన తెలుగు అక్షరములును గలవు. 1931లో వెలువడిన వరుసయందు అణా బిళ్ళపై చార్మినారు, నాలుగణాల బిళ్ళపై ఉస్మాన్ సాగరు, ఎనిమిదణాల బిళ్ళపై అజంతా గుహల ప్రవేశద్వారము చిత్రింపబడినవి. అయితే ఈ బిళ్ళ నిజాము రాజ్యపు ఎల్లలు దాటి చెల్లెడిది కాదు. ఓరుగల్లునుండి బెజవాడకు ఉత్తరము పంపవలసినచో ఇండియా ప్రభుత్వపు బిళ్ళ అంటింపవలసినదే. ఒకే భాష మాటలాడు అక్కచెల్లెండ్ర నడుమ ఇన్ని బిళ్ళలు! 1950లో ఈ ప్రత్యేకపు తపాలా ముగిసినది.

ఇక మా కథ. మా నాయనమ్మగారి పుట్టినిల్లు ఓరుగల్లు ప్రాంతము, మెట్టినిల్లు నల్లగొండ జిల్లా. రెండును నిజాము రాజ్యములోనివే. తల్లి పంపిన ఉత్తరములను ఆమె కవర్లతో సహా మూటగట్టి, సందుగలో పట్టుచీరల అడుగున దాచుకొన్నది. మాకు పదేండ్ల ప్రాయమున, ఒక వేసవి సెలవులలో, ఆ మూట మా చేజిక్కినది. చార్మినారు బిళ్ళలన్నిటిని కత్తిరించి, నీట నానవైచి, అన్నపు మెతుకులతో నోటుపుస్తకమునందు అంటించితిమి. మిగిలిన కవరుముక్కలు నీళ్ళపొయ్యిలోనికి పోయినవి. నాయనమ్మ చూచినది. కోపపడలేదు. “ఉత్తరాలున్నయా బిడ్డా?” అని మాత్ర మడిగినది. ఉన్నవని చూపితిమి. గొప్ప పని చేసితి మనియే నలువదేండ్లు అనుకొంటిమి.

ఆ పుస్తకమును చంకబెట్టుకొని మా యూరి తపాలా బిళ్ళల సంఘమునకు తొలిసారి వెళ్ళిననాడు మా గర్వము దిగినది. బడిలోని యొక గది, నాలుగు బల్లలు, పదునైదుగురు పురుషులు, మే మొక్కరము స్త్రీలము. పదవి విరమించిన పోస్టుమాస్టరుగా రొకరు మా పుటలను నెమ్మదిగా త్రిప్పి, “బిళ్ళలు బాగున్నవి తల్లీ. కవర్లేవి?” అనిరి. జరిగినది చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట వివరించిరి: బిళ్ళ లక్షలుగా అచ్చుపడునది, ముద్రయో, ఆ యూరిది, ఆ దినముది. రెండును కలసి కవరుపై నున్నప్పుడే అది యొక ఇంటి చరిత్ర. మా ముత్తవ్వకు ఉత్తరముపై తేదీ వేయు అలవాటు లేదు. ఆమె కాలము చేసిన యేడు మా యింట నెవరికిని తెలియదు. కడపటి ఉత్తరపు కవరున్నచో ఆ సంగతి కొంతయైనను తెలిసి యుండెడిది. దానితో మేము నీళ్ళు కాచుకొంటిమి.

ఇంటిలో నొంటరిగా కూర్చుండి ఎన్నేండ్లు బిళ్ళలు పేర్చుకొన్నను ఈ మాట చెప్పువారుండరు. సంఘమున చేరుట ఇందుకే. ఒకరివద్ద రెండున్న బిళ్ళ నిచ్చి తమకు లేనిది పుచ్చుకొందురు. 1865 నాటి బిళ్ళను వెలుతురునకు అడ్డముగా పట్టి, కాగితములో దాగిన ఏనుగుతల గుర్తును మాకు చూపినప్పుడు మేము చిన్నపిల్లవలె చప్పట్లు చరచితిమి. బిళ్ళను వ్రేళ్ళతో గాక చిన్న పట్టకారుతో పట్టవలయునని, కొన్ని పాత బిళ్ళల రంగు నీట కరగునని, విడదీసినదానిని బొమ్మవైపు క్రిందుగా అద్దుడు కాగితముపై ఆరవేయవలయునని అక్కడనే నేర్చితిమి. దోషము లేదనము. వెలలను గూర్చి మగవారు చేయు చర్చ కొంత విసుగు పుట్టించును. బంగారపు అంగడిలో కూర్చున్నట్లుండును.

మఱొక చిక్కు గలదు. కూటము ఆదివారము ఉదయము పది గంటలకు. ఆ వేళ ఏ యిల్లాలు పొయ్యి విడిచి రాగలదు? మాట విప్పుటకు మాకు మూడు నెలలు పట్టినది. సాయంకాలమునకు మార్చుడని కోరగా, “ఇన్నేండ్లుగా నిదే వేళ గదా” అని కొందరు, “వచ్చు స్త్రీలెవ రున్నారు?” అని కొందరు అనిరి. వేళ కుదరనందున రారు, రానందున వేళ మారదు! తుదకు పోస్టుమాస్టరుగారు మా పక్షము వహించిరి. మూడు గంటలకు మారిన తొలి నెలలోనే నలుగురు స్త్రీలు వచ్చిరి. ఒకామె బిళ్ళలపై నున్న స్త్రీలనే కూర్చుచున్నది: 1952 నాటి మీరాబాయి, 1957 నాటి ఝాన్సీరాణి, 1964 నాటి సరోజినీ నాయుడు, 1982 నాటి మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. వేరొకామె 2006 నాటి మంచిగంధపు బిళ్ళను, 2007 నాటి గులాబీలను, 2008 నాటి మల్లెను వాసనతో సహా కాపాడవలెనని తంటాలు పడుచున్నది. ఆ వాసన ఇంకను ఉన్నదా లేదా యను వివాదముతో ఒక కూటమంతయు గడచినది. ఇంతగా నవ్వి చాలకాలమైనది.

ప్రశ్న వేసిన సోదరికి ఒక ముక్క. పిల్లవాని చదువు చెడదు. 6 మొదలు 9వ తరగతి వరకు చదువుచు ఈ విద్యయందు ఆసక్తిగల పిల్లల కొరకు తపాలా శాఖవారు 2017లో ‘స్పర్శ్’ అను పేర ఏడాదికి 6,000 రూపాయల విద్యార్థివేతనము నేర్పాటు చేసిరి. బడిలో తపాలా బిళ్ళల సంఘమున్నచో అందు సభ్యుడై యుండవలెనని అందులో నొక నియమము. వానిని మీ యూరి సంఘమునకు మీరే తోడ్కొని పొండు. వాకిట దించి రావలదు, లోనికి వెళ్ళి కూర్చుండుడు. ఇంటిలోని పాత కవర్లను కవర్లుగనే యుంచుడు.

మొన్న సందుగకు రంగు వేయింప నెంచి, అడుగున పరచిన పాత వార్తాపత్రికను ఊడదీయగా దానిక్రింద ఒక కవరు కనబడినది. చార్మినారు బిళ్ళ యథాతథముగా నున్నది. చేవ్రాత ముత్తవ్వదే. దానిని సంఘమునకు కొనిపోయితిమి. భూతద్దము చేతులు మారినది. ఊరిపేరు తెలిసినది, దినమును మాసమును తెలిసినవి. సంవత్సరపు అంకెలలో చివరిది మాత్రము సిరా ముద్దయై చదువరాకున్నది. ఆ తపాలా కచేరి ముద్రలే గల వేరు కవర్లు తమ పెట్టెలో నున్నవనియు, రాబోవు కూటమునకు తెచ్చి సరిపోల్చి చూతమనియు పోస్టుమాస్టరుగారు చెప్పిరి. కూటము ఈ ఆదివారము మూడు గంటలకు. మేము రెండింటికే బయలుదేరెదము.