ఉన్న ఊరు ఎవరికి కన్నతల్లి?



అడ్మిషన్ లెటర్లు వచ్చే కాలం ఇది. మా కాలేజీలో చదివి వెళ్లిన పిల్లలు ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతున్నారు. "మేడమ్, వెళ్లమంటారా, ఉండమంటారా?" ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే ఈ వారం భాగం మొత్తం దానికే.

మన పిల్లలు విదేశం వెళ్తామంటే రెండు వైపుల నుంచీ రాళ్లు పడతాయి. అగ్రకులాల వైపు నుంచి: "రిజర్వేషన్లో సీటు, ప్రభుత్వ సొమ్ముతో చదువు. ఇప్పుడు దేశం వదిలి పోతారా?" మన వైపు నుంచి: "నువ్వూ పోతే ఇక్కడ పోరాడేదెవరు? బాబాసాహెబ్ తిరిగి రాలేదా?" మొదటి మాట ఓర్వలేనితనం. రెండోది ప్రేమ కొద్దీ అన్నా కూడా తప్పే. ఈ రెంటికీ జవాబు చెప్పి, ఆ తర్వాత లాభనష్టాల లెక్కలోకి వెళ్తాను.

"ఉన్న ఊరు కన్నతల్లి" అంటారు. తెలుగు పాఠాలు చెప్పి బతికేదాన్ని కాబట్టి సామెతను ఊరికే వదల్లేను. ఇందులో ఊరు అంటే ఏది? మన గ్రామాల్లో ఊరు వేరు, పేట వేరు. పేటలో ముసలమ్మ ఇప్పటికీ "ఊళ్లోకి వెళ్లొస్తా" అంటుంది. పుట్టి డెబ్భై ఏళ్లు అక్కడే బతికిన మనిషి ఊళ్లోకి వెళ్లొస్తానంటోందంటే ఆమె ఊళ్లో లేదనేగా అర్థం? చావిట్లో, చెరువు దగ్గర, గుళ్లో చోటివ్వని ఊరు, ఆమె మనవరాలు పాస్‌పోర్టు తీసుకోగానే కన్నతల్లి అయిపోయిందా?

మనకు వలస కొత్తేమీ కాదు. మన తాతలు గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి "రంగం" వెళ్లారు. రంగం అంటే రంగూన్. అక్కడి రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలను కోరంగీలు అనేవాళ్లు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు వాళ్లకు కులం పేరులా అంటుకుపోయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో ఆ కూలీల సమ్మె దగ్గర మొదలైన గొడవ పెద్ద అల్లర్లుగా మారి ఎందరి ప్రాణాలో తీసింది. అంతకుముందే 1860 నుంచి మద్రాసు ఓడల్లో మనవాళ్లు నటాల్ చెరకు తోటలకు వెళ్లారు. చిత్తూరు జిల్లా పల్లెల నుంచి కోలార్ బంగారు గనుల్లోకి దిగారు. అప్పుడు దేశం వదిలి పోతున్నారని ఒక్కడూ ఏడవలేదు. కూలీగా పోతే వలస. చదువుకోడానికి పోతే ద్రోహమా?

ఇంకో వలస కూడా గుర్తు చేసుకోండి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపాక, మిగిలినవాళ్లు చీరాలకు వచ్చేశారు. తిరిగి ఊరికి రమ్మన్నా వెళ్లలేదు. చీరాలలోనే కాలనీ కట్టుకుని బతుకు మొదలుపెట్టారు. దాన్ని పారిపోవడం అని ఎవరైనా అనగలరా? మాకు మర్యాద లేని చోట మా చాకిరీ మీకు దొరకదు అని చెప్పడం అది. ఆంధ్ర దళిత ఉద్యమం లేచి నిలబడింది ఆ వెళ్లిపోవడంలోంచే.

ఇక ప్రభుత్వ సొమ్ము సంగతి. 1965లో అమెరికా వలస చట్టం మార్చి తలుపులు తీశాక మన దేశం నుంచి ముందు వరసలో వెళ్లిందెవరు? ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో, ఐఐటీల్లో జనం పన్నుల మీద చదువుకున్న డాక్టర్లు, ఇంజనీర్లు. అందులో మనవాళ్లు ఎందరు? వాళ్లు వెళ్తే మేధావుల వలస అన్నారు. సెలవులకొచ్చి గుడికి చందా ఇస్తే ఎన్నారై అని రాతిమీద పేరు చెక్కారు. సొమ్ము ఇద్దరి మీదా ఖర్చయింది. బాకీ మాత్రం మన పేరునే రాస్తున్నారు.

"బాబాసాహెబ్ తిరిగి రాలేదా?" అనే మిత్రులకు ఒక మాట. వచ్చారు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లారు. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం మీద సంతకం పెట్టి వెళ్లారు. 1917లో వచ్చి ఉద్యోగంలో చేరితే బరోడా ఏమిచ్చింది? ఉద్యోగం ఇచ్చింది, తలదాచుకోడానికి గది ఇవ్వలేదు. పార్శీల సత్రంలో ఉంటే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. 1920లో ఆయన మళ్లీ లండన్ వెళ్లి ఆగిపోయిన చదువు పూర్తి చేశారు. వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం, మూడూ ఆయన జీవితంలో ఉన్నాయి. మనం రావడం ఒక్కదాన్నే పట్టుకుని పిల్లల నెత్తిన మొడుతున్నాం. ఆయన అసలు వెళ్లకపోయి ఉంటే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి కదా?

ఉండి చదువుకున్నవాళ్లకు ఈ దేశం ఏమిచ్చిందో కూడా చూశాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను, మరో నలుగురిని హాస్టల్ నుంచి గెంటేస్తే వాళ్లు క్యాంపస్ నడిబొడ్డున వెలివాడ వేసుకుని కూర్చున్నారు. 2016 జనవరి 17న రోహిత్ మనల్ని విడిచిపోయేనాటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉంది. ఉండమని అడిగే హక్కు ఉండడానికి చోటిచ్చినవాళ్లకే ఉంటుంది.

అయితే ఎగిరిపొండి అంటున్నానా? లేదు. వెళ్లే హక్కు వేరు, వెళ్తే ఏమవుతుందో లెక్క వేసుకోవడం వేరు. కన్సల్టెన్సీ వాడు చెప్పే లెక్కా, మీ క్లాసులో పదెకరాల ఆసామి కొడుకు వేసుకునే లెక్కా మనకు పనికిరావు.

ముందు అప్పు. డిగ్రీ మా దగ్గర చదివి ఎమ్మెస్సీ చేసిన అమ్మాయికి అమెరికాలో రెండేళ్ల కోర్సులో సీటొచ్చింది. నాన్న తాపీ పనిలో కూలీ. చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా తనఖా అడుగుతాయి. ఆ ఇంట్లో తనఖాకు ఏముంది? ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలం పట్టా, తాతకిచ్చిన అసైన్డ్ చెక్క. 1977 చట్టం అసైన్డ్ భూమిని అమ్మకుండా ఆపి మన చేతుల్లో ఉంచింది, మంచిదే. కానీ అమ్మకానికి రాని భూమిని చూసి బ్యాంకు మేనేజర్ పెదవి విరుస్తాడు. ఇక మిగిలింది ఊళ్లో వడ్డీ వ్యాపారి, నూటికి రెండు రూపాయలు. 20 లక్షలు తెస్తే నెలకు 40,000 వడ్డీ. కోర్సయ్యే రెండేళ్లకు వడ్డీ ఒక్కటే 9,60,000. నెలంతా పని దొరికినా ఆ తండ్రి తెచ్చేది అందులో సగం ఉండదు. చదువు నడిచే రోజుల్లో ఆ పిల్ల క్యాంపస్‌లో పని చేసుకోగలిగేది వారానికి 20 గంటలు. దాంతో అద్దె, తిండి గడిస్తే గొప్ప. ఆసామి కొడుక్కి ఉద్యోగం రాకపోతే నాన్న ఒక ఎకరం అమ్ముతాడు. మన పిల్లకు రాకపోతే నాన్న అదే వ్యాపారి పొలంలో పనికి పోవాలి. ఒకే విమానం, ఒకే సీటు, కానీ పడితే దెబ్బ ఒకటి కాదు.

రెండు, వీసా. అమెరికా హెచ్-1బి వీసాలు ఏడాదికి 85,000. వాటికి లాటరీ. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ ప్రకటించాడు. ఒక మనిషి సంతకంతో తలకిందులయ్యే దారి మీద ఇల్లు తాకట్టు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

మూడు, కులం. విమానాశ్రయంలో కులాన్ని పట్టే మెషిన్ లేదు. ఆ పని రూమ్‌మేట్లు చేస్తారు. "మీదే ఊరు? ఊళ్లో ఎటువైపు? ఇంటిపేరేంటి? ఏ మాంసం తింటారు? ఆదివారం చర్చికి వెళ్తారా?" ఐదు ప్రశ్నల్లో తేల్చేస్తారు. ఆ తర్వాత గది ఖాళీ ఉండదు, ఉద్యోగానికి రిఫరల్ ఉండదు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీ మీద, ఇద్దరు మేనేజర్ల మీద కులవివక్ష కేసు వేసింది. 2023లో మేనేజర్ల మీద కేసు వెనక్కి తీసుకున్నా కంపెనీ మీద కొనసాగించింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ అలాంటి బిల్లు పాస్ చేస్తే అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. అంటే సంగతి ఇదీ: కులం అక్కడికి చేరిపోయింది, చట్టం ఇంకా చేరలేదు. ఇక్కడ 1989 అట్రాసిటీ చట్టం ఎంత మొద్దుబారినా చేతిలో ఉంది. మీ కుల ధ్రువపత్రం అక్కడ ఉత్త కాగితం. దానికి తోడు ఒంటి రంగు. తెల్లవాడికి మీ కులం తెలీదు గానీ మీ రంగు కనిపిస్తుంది.

అమెరికా ఒక్కటే విదేశం అనుకోకండి. కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన మన అక్కలున్నారు. వాళ్లది కఫాలా కింద బతుకు. వీసా యజమాని చేతిలో, చాలాసార్లు పాస్‌పోర్టూ యజమాని చేతిలోనే. వాళ్లు పంపిన దినార్లతో పేటల్లో ఎన్ని స్లాబు ఇళ్లు లేచాయో, ఎంతమంది పిల్లలు డిగ్రీ దాటారో నేను క్లాసులో చూస్తున్నాను. వలస మీద సెమినార్లు పెట్టేటప్పుడు ఆ అక్కల్ని మర్చిపోతే మన చర్చ కూడా ఊరి చర్చే అవుతుంది, పేట చర్చ కాదు.

ఇంత నష్టం ఉంటే ఎందుకు వెళ్లాలి? ఎందుకంటే లాభమూ నిజమే. ఇక్కడ అంట్లు కడగడానికి, ఊడవడానికి ఒక కులం ఉంది. అక్కడ ఆ పనికి గంటకు ఇంత అని రేటు ఉంది. ఆ చేత్తోనే వెళ్లి లైబ్రరీలో పుస్తకం తీసుకోవచ్చు. మీ పేపరు దిద్దే ప్రొఫెసర్‌కు మీ ఇంటిపేరు ఏమీ చెప్పదు. మార్కు చూసి "కోటాలో వచ్చావా?" అనే గొంతు వినపడని సెమిస్టరు ఒక్కటి గడిపినా మనిషి వెన్ను నిటారవుతుంది. అప్పు తీరాక పంపే డబ్బుతో చెల్లి చదువుతుంది, తండ్రి పరాయి గట్టున నిలబడాల్సిన పని తప్పుతుంది. వెళ్లినవాళ్లంతా నోరు మూసుకునీ లేరు. కాకినాడలో పెరిగి వరంగల్ ఆర్ఈసీలో చదివిన గిడ్ల సుజాత న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేస్తూ తన కుటుంబం కథను 2017లో పుస్తకంగా తెచ్చారు. ప్రపంచం చదివింది. అయితే ఆ పుస్తకం ఇంగ్లీషులో పుట్టింది. తెలుగు చెప్పుకునే నాకు అది కూడా నష్టాల పద్దులో ఒక గీతే.

కాబట్టి మీరు వెళ్లాలా వద్దా అన్నదాని కన్నా పెద్ద ప్రశ్న ఉంది. ఈ అప్పు మీ నాన్న మెడకు ఎందుకు చుట్టుకుంటోంది? తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు ఇస్తుంది. అదీ రెండు విడతల్లో, మీరు అక్కడికి చేరి కాగితాలు పంపాక. చేరడానికి కావలసిన డబ్బు ఎవరిస్తారు? మళ్లీ ఆ వడ్డీ వ్యాపారే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పథకం పేరులోంచి అంబేడ్కర్‌ను తీసేసి ముఖ్యమంత్రి పేరు పెట్టుకున్నారు, ప్రపంచ ర్యాంకుల షరతు తగిలించారు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో అదే 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు తలుపు మూశారు. అంటే 1916లో కొలంబియాలో భారతదేశపు కులాల మీద పేపరు చదివిన అంబేడ్కర్ ఇవాళ దరఖాస్తు పెట్టుకుంటే ఆ అంశం చెల్లదు. 2025 జూలైలో ఎంపికైన 106 మందిలో 40 మందికే ముందు ఉత్తర్వులు ఇచ్చి, మిగిలిన 66 మందికి నిధులుంటే చూస్తామన్నారు. మన పిల్లలు దేశం వదిలి పోతున్నారని ఏడ్చేవాళ్లు ఈ 66 మంది గురించి నోరెత్తగా నేను వినలేదు.

ఉద్యమ మిత్రులారా, పిల్లల్ని నిలదీయడం ఆపి సెక్రటేరియట్‌ను నిలదీద్దాం. సీటు లెటర్ చూపించగానే, విమానం ఎక్కకముందే మొదటి విడత ఇవ్వాలని అడుగుదాం. కుల సమాజాన్ని చదివే హక్కు తిరిగి ఇవ్వమందాం. తోటి లెక్చరర్లారా, రికమండేషన్ లెటర్ కోసం వచ్చిన పిల్లను నాలుగుసార్లు తిప్పకండి. ఒక సాయంత్రం కూర్చుంటే రాసే ఉత్తరం అది. మన పిల్లకు ఆ పని చేసిపెట్టే మేనమామ అమెరికాలో లేడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, స్కాలర్‌షిప్ ఉంటే వెనక్కి చూడకుండా వెళ్లండి. అంతా వడ్డీ అప్పే అయితే ఈ ఏడాదికి ఆగండి. సీటు వాయిదా వేయమని యూనివర్సిటీకి రాయండి, మళ్లీ దరఖాస్తు పెట్టండి. ఆగినంత మాత్రాన ఓడినట్టు కాదు. వెళ్లాక మన అంబేడ్కర్ సంఘాలను వెతుక్కోండి, మీ గదిలో ఒక చాప మీ తర్వాత వచ్చేవాళ్లకు ఉంచండి. కులం దాచాలా, చెప్పాలా అన్నది మీ ఇష్టం. దాచుకున్నంత మాత్రాన మిమ్మల్ని తప్పు పట్టే అర్హత ఇక్కడ కూర్చున్న మాకు లేదు.

నేను ఇక్కడే ఉన్నాను. అది త్యాగమేమీ కాదు, నాకు ఇక్కడ నెల జీతం ఉంది, పాఠం చెప్పే భాష ఉంది. ఉండేవాళ్లకు ఉండే కారణం ఉంటుంది, వెళ్లేవాళ్లకు వెళ్లే కారణం ఉంటుంది. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. సంజాయిషీ చెప్పాల్సింది పేటను ఇన్ని వందల ఏళ్లు బయట ఉంచిన ఊరు.

(వచ్చే భాగంలో: స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో మనవాళ్లను ఏ కాగితం దగ్గర ఆపుతున్నారు?)

జై భీమ్.