ఎర ఎవరికి?

గాలపు సామాను అమ్మే వర్తకుని ఎదుట నిలిచేది చేప కాదు, కొనవచ్చిన మనిషి. ఇంత సామాన్యమైన విషయాన్ని మరచిపోవడం వలననే, కొత్తగా చేపలు పట్ట నేర్చుకొనేవారికి దుకాణాలలో దొరికే సలహా న్యాయమైనదా కాదా అన్న వాదం తరచు పక్కదారి పడుతున్నది. వర్తకులందరూ మోసగాండ్రని కొందరంటారు. కొనేవాడే తెలుసుకొని కొనవలెనని మరికొందరంటారు. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. కాని చూడవలసినది వేరొకటి ఉన్నది: సలహా చెప్పినవాడు, చెప్పక ముందు ఏమి అడిగినాడు?

2016లో మండల కేంద్రమైన మాడుగులపల్లి, నల్లగొండ జిల్లాలో, నార్కట్‌పల్లి నుండి మిర్యాలగూడ మీదుగా అద్దంకి పోయే రహదారి పక్కన ఉన్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. ఆ తరువాత మిర్యాలగూడ మొదలు కోదాడ వరకు ఎడమ కాలువ కింద వరి ఎట్లు విస్తరించినదో, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ఎంత పేరు వచ్చినదో అందరూ ఎరిగినదే. ఆ నీటితోపాటు కాలువలకు, చెరువులకు చేప కూడ వచ్చినదన్న సంగతిని మాత్రం ఎవరూ అంతగా చెప్పుకోరు.

ఆ ఊరి బడిలో తొమ్మిదవ తరగతి చదివే ఒక కుర్రవానిని ఊహించుకొందాము. సెలవులలో చెరువు గట్టున గాలం వేయవలెనని వానికి ఉబలాటం. పండుగకు చేతికి వచ్చిన డబ్బు దాచుకొని, బస్సెక్కి పట్నానికి పోయి, వలలు, నైలాను తాళ్లు, సీసపు గుండ్లు, బెండ్లు అమ్మే ఒక దుకాణం ముందు నిలుచున్నాడు. ఆ వస్తువుల పక్కనే అట్టముక్కలకు గుచ్చి వేలాడదీసిన తళతళలాడే బొమ్మ ఎరలు ఉన్నవి: చెంచాను పోలిన ఇత్తడి రంగు రేకులు, గాజు కండ్ల చిన్న చేపలు, పొట్ట కింద రెండు కొక్కేలు దాచుకొన్న రబ్బరు కప్పలు. “అన్నా, చేపలు బాగ పడేది ఏది?” అని వాడు అడిగినాడు. “ఇది కొత్తగొచ్చింది తమ్మీ, దీనికి పడని చేప లేదు” అని జవాబు వచ్చినది. ఇచ్చుకోవడం, పుచ్చుకోవడం ముగిసినవి. చెరువు ఎట్టిదో, నీరు తేటయో మురికియో, కాలం ఎండయో వానయో, ఆ పిల్లవానికి ఈత వచ్చునో రాదో, అసలు ఆ చెరువులో ఉన్న చేప ఏదో, ఎవరూ అడుగలేదు.

ఈ కడపటి ప్రశ్నలోనే అన్యాయమంతా ఇమిడి ఉన్నది. తెలంగాణ చెరువులలో 2016 నుండి ప్రభుత్వం ఉచితంగా వదలిన పిల్లలు ప్రధానంగా బొచ్చె, రోహు, మ్రిగాల వంటి జాతులవి. బొచ్చె పై నీటిలో తిరిగి, పైకి తెరచుకొన్న నోటితో నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. రోహు నడిమి నీటిలో నాచును, ఆకును కొరుకుతుంది. మ్రిగాల అడుగున బురదలో కుళ్లిన పదార్థాన్ని ఏరుకొంటుంది. ఈ మూడింటిలో ఏదియు పరుగెత్తే మరొక చేపను తరిమి పట్టే వేటచేప కాదు. వీటి ముందు ఇత్తడి రేకును వెయ్యిసార్లు ఆడించినను అది వట్టి రేకే. తవుడు, వేరుసెనగ చెక్క కలిపి చేసిన పిండి ముద్దకు వచ్చే చేపకు గాజు కండ్ల బొమ్మను చూపడం, ఆవుకు మాంసం వడ్డించడం వంటిది. బొమ్మ ఎర పని చేసేది కొర్రమీను, వాలుగ వంటి వేటచేపల మీద మాత్రమే. అది అబద్ధపు వస్తువు కాదు. అక్కరలేని చోటికి అమ్మబడిన వస్తువు.

రంగుల సంగతియు ఇంతే. నీటిలోనికి దిగిన కొలదీ వెలుతురులోని ఎరుపు అన్నిటికంటె ముందుగా అణగిపోతుంది. ఒండ్రు కలిసిన చెరువు నీటిలో మూరెడు లోతుకే చూపు మందగిస్తుంది. దుకాణంలో విద్యుద్దీపం కింద మెరిసిన ఎర్ర చారలు అక్కడ చేపకు కనిపించవు. అవి ఎవరి కన్నుల కోసం వేసినవో వేరుగా చెప్పనక్కరలేదు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరువదినలుగురు గురువులలో చేపనొకటిగా లెక్కించి, నాలుకకు లొంగి గాలానికి చిక్కుతుందని చెప్పినాడు. గాలం కొనేవాడు నాలుకకు కాదు, కన్నుకు లొంగుతాడు. బంగారు లేడిని చూచి తెమ్మన్న చూపు అటువంటిదే.

కొక్కేల అంకెలు మరొక ఉచ్చు. ఆరవ నంబరు కంటె పన్నెండవ నంబరు కొక్కెం చిన్నది. అంకె పెరిగిన కొలది కొక్కెం తగ్గుతుంది. ఒకటి దాటి ఇంకను పెద్ద కొక్కేలకు పోయేటప్పుడు మాత్రం లెక్క తలక్రిందులై, గీత గీసి సున్న చేర్చిన అంకెలు మొదలవుతాయి. అక్కడ అంకె పెరిగితే కొక్కెమూ పెరుగుతుంది. లెక్కల మాస్టరుకే తికమక కలిగించే ఈ ఏర్పాటు తెలియక, పెద్ద అంకె పెద్ద చేపకని కొనే పిల్లవానిని సరిదిద్దడానికి అర నిమిషం చాలును. ఆ అర నిమిషం వెచ్చించిన దుకాణదారు పుణ్యాత్ముడు.

అయితే దుకాణదారును దోషిగా నిలబెట్టడం అంత సులభం కాదు. పల్లెపట్టుల పక్కన చిన్న పట్నాలలో ఈ సామాను అమ్మేవారిలో అనేకులు గాలం పట్టి గట్టున కూర్చున్నవారు కారు. టోకు వర్తకుడు చెప్పిన మాటను, అట్టమీద అచ్చైన బొమ్మను వారు నమ్మి, ఆ నమ్మకాన్నే తిరిగి అమ్ముతారు. తెలిసి చెప్పిన అబద్ధం కంటె తెలియక చెప్పిన ధీమా తక్కువ తప్పు. కాని నష్టం మాత్రం పిల్లవానికి రెంటిలోనూ ఒకటే. తప్పుడు ప్రచారాన్ని అరికట్టడానికి వినియోగదారుల చట్టం 1986లో వచ్చి, 2019లో కొత్త రూపు దాల్చినది. అయినను బల్ల మీదుగా నవ్వుతూ అన్న ఒక మాటను ఏ న్యాయస్థానం తూకం వేస్తుంది?

పడమటి దేశాలలో ఈ వివాదం మరింత వింతగా ఉంటుంది. అక్కడ గాలగాండ్ర ఆరాధ్య దైవం సాల్మను. (బొంబాయి బజారులో ఇండియన్ సాల్మన్ పేరుతో అమ్మే రావస్ వేరు జాతి చేప, పేరు చూచి మోసపోరాదు.) సముద్రంలో పెరిగిన సాల్మను గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన నదికి ఎదురీది వస్తుంది. నదిలో ప్రవేశించిన తరువాత అది దాదాపు మేత మానివేస్తుంది. మేత మానిన చేప ఎరను ఎందుకు కరుస్తుంది? కోపమని ఒకరు, పాత అలవాటని ఒకరు, కుతూహలమని ఒకరు చెప్పుదురే కాని తేల్చిన వారు లేరు. చేప ఎందుకు కరుస్తుందో తెలియని చోట, ఏ ఎరకు కరుస్తుందో ఎంత ధైర్యంగానైనా చెప్పవచ్చును. పడితే ఎర గొప్ప, పడకపోతే నది బాగులేదు. అందుచేతనే ఆ దుకాణాల గోడలు వందలాది ఎరలతో నిండి ఉంటాయి. తప్పని ఎవరూ రుజువు చేయలేని సలహా వర్తకునికి తరగని పెట్టుబడి.

అదే దేశాలలో దీనికి విరుగుడు వంటి ఉదాహరణ కూడ లేకపోలేదు. 1653లో ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ చేపల వేటపై ప్రచురించిన గ్రంథం గురుశిష్యుల సంభాషణగా సాగుతుంది. ఆ విద్య నేర్పేది ఏటి ఒడ్డున, నడుస్తూ, నీటిని చూపుతూ, అంగడిలో కాదు. ఈకలతో కట్టే ఈగ ఎరలలో తనకంటె ఆరితేరిన చార్లెస్ కాటన్ చేత 1676 నాటి కూర్పుకు వేరొక భాగమే వ్రాయించి చేర్చినాడు. తనకు తక్కువ తెలిసిన చోట తెలిసినవాని దగ్గరకు పంపినవాడే నిజమైన సలహాదారు. మన పక్షాన చూచినను, 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు సోమేశ్వరుడు మానసోల్లాసంలో మత్స్యవినోదానికి ఒక ప్రకరణం కేటాయించి, చేపల జాతులను విభజించి, వాటికి పెట్టవలసిన మేతను వివరించినాడు. చేపను ఎరిగిన పిమ్మటనే ఎర. ఎనిమిది వందల ఏండ్ల నాటి ఆ క్రమాన్ని నేటి అట్టముక్క తారుమారు చేసినది.

ఇంతవరకు చెప్పినది డబ్బు నష్టం. పిల్లవాడు రెండు దినాలు ఏడ్చి మరచిపోతాడు. మరచిపోరాని నష్టం కొర్రమీనుది. తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడిన ఈ జాతి వానకాలంలో తూటికాడల, గడ్డి మొక్కల నడుమ గూడు వంటి చోటు చేసికొని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రని గుంపుగా నీటిపై కదలుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా తిరుగుతాయి. ఆ గుంపు దగ్గరకు ఏది వచ్చినను, కప్పయైనా రబ్బరు కప్పయైనా, ఆకలి లేకున్నను ఎగబడి కరుస్తాయి. గాలగాండ్రకు ఇది తెలియని రహస్యం కాదు. “ఎర్రగ పిల్లలు తేలిన కాడ వెయ్యి, తప్పక పడ్తది” అన్నమాట సలహాగా చూస్తే నూటికి నూరుపాళ్లు నిజం. నిజమైనంత మాత్రాన న్యాయమైనదా? కాపలా చేప గట్టుకు చేరిన గడియలోనే ఆ పిల్లల గుంపు మిగిలిన చేపలకు, కొంగలకు ఆహారమవుతుంది. ఒక్క మధ్యాహ్నపు వినోదానికి ఒక చెరువు రాబోయే పంటను అప్పగించడమన్నమాట. ‘పడని చేప లేదు’ అన్న అబద్ధం కంటె ఈ నిజం ఎక్కువ హానికరం. సత్యం చెప్పినందున సలహాదారు బాధ్యత తీరిపోదని ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ పంట ఎవరిది? గ్రామ చెరువులలో చేపల హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘాలది. ముదిరాజులు, గంగపుత్రులు దాని మీద బతుకుతున్నారు. సంఘం వారిని అడుగకుండ గాలం వేయరాదని గాలం అమ్మిన చోట ఒక్క మాట చెప్పితే, పిల్లవాడు గట్టు మీద దొంగగా నిలబడవలసిన అవమానం తప్పుతుంది. నీరు పారే పెద్ద కాలువ గట్టు జారుడనీ, ఒంటరిగా పోరాదనీ చెప్పితే ప్రాణమే దక్కవచ్చును. ఈ మాటలకు ఖర్చు లేదు. లాభమూ లేదు, అందుకే కాబోలు ఇవి వినిపించవు.

వర్తకుడు బతకవద్దా అని ఒక ఆక్షేపణ ఉన్నది. బతకవలసినదే. కాని ఎర పనికిరాక గాలాన్నే అటకమీద పారవేసిన పిల్లవాడు మరల ఆ అంగడి మెట్లెక్కడు. వానికి ఒక వెదురు బద్ద, నాలుగు గజాల దారం, చిన్న కొక్కేలు, ఒక బెండు ఇచ్చి, “ఇప్పటికి ఇవి చాలు తమ్మీ, రేకులు తర్వాత చూద్దువు” అన్న దుకాణదారు దగ్గరకు వాడు ఇరువది ఏండ్లు వస్తాడు. దుకాణపు సలహా న్యాయమైనదో కాదో తేల్చడానికి ఒకటే గీటురాయి: ఈ దుకాణంలో ఎవరికైనా, ఎన్నడైనా, ‘ఇది నీకు వద్దు’ అన్న మాట వినిపించినదా? వినిపించిన అంగళ్లు లేకపోలేదు. అవి తక్కువ.

అంతవరకు బడి పంతుళ్లు చేయదగిన పని ఒకటి ఉన్నది. జీవశాస్త్ర పాఠంలో చేప మొప్పలు, రెక్కలు బొమ్మ గీయించేటప్పుడు, దాని నోటిని కూడ చూపి, ఊరి చెరువులో ఏ నోటి చేప ఉన్నదో సంఘం పెద్దల నడిగి రమ్మని పిల్లలను పంపవచ్చును. నోటిని చూచినవాడు ఎర కొనడానికి తొందరపడడు. మొదటి సంవత్సరానికి కావలసిన ఎర వానపాము. అది ఏ దుకాణంలోను వేలాడదు. మాడుగులపల్లిలో ఏ పశువుల కొట్టం వెనుక తడినేల తవ్వినను దొరుకుతుంది.