హన్నా పేరు చెప్పి పసిబిడ్డల్ని హాస్టల్లో వేయకండి



అడ్మిషన్ల కాలం వచ్చింది. మండల కేంద్రాల్లోని చిన్న ప్రైవేటు బళ్ళవాళ్ళు ఇంటింటికీ పాంప్లెట్లు పంచుతున్నారు. 3వ తరగతి నుంచే నవోదయ కోచింగ్, డే స్కాలర్లకు బస్సు, దూరం వారికి హాస్టల్. బస్సు మన చర్చి ముందే ఆగుతుంది. అయినా మనలో కొందరు ఏడెనిమిదేళ్ళ బిడ్డకు ట్రంకుపెట్టె కొని హాస్టల్లోనే వేస్తున్నారు. ఇది తగదని మేము సూటిగా చెబుతున్నాము.

"హన్నా సమూయేలును చిన్నప్పుడే మందిరంలో విడిచిపెట్టలేదా అయ్యగారూ?" అంటారు. విడిచిపెట్టింది. అది దేవునికి చేసిన మ్రొక్కుబడి, సీటు కోసం కాదు. ఏటేటా అంగీ కుట్టి తీసుకెళ్ళేది (1 సమూయేలు 2:19). కొడుకు ఎంత ఎదిగాడో ఎరిగిన తల్లి ఆమె. అదే అధ్యాయంలో ఏలీ కుమారులనూ చూడండి. ఉన్నది మందిరంలోనే, బ్రతుకు మాత్రం చెడింది. మంచి చోట వేసినంత మాత్రాన బిడ్డ బాగుపడడు.

ద్వితీయోపదేశకాండము 6:7లో దేవుడు తల్లిదండ్రులకు అప్పగించిన వేళలు ఏవి? ఇంట కూర్చునే వేళ, దారిన నడిచే వేళ, పడుకునే వేళ, లేచే వేళ. డే స్కాలర్ బడికి పగటి పూటే ఇస్తాడు. హాస్టల్ ఆ నాలుగు వేళలూ తీసుకుంటుంది. రాత్రి జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసేదెవరు? పక్క తడిపితే తోటివాళ్ళు నవ్వకుండా దుప్పటి మార్చేదెవరు?

"మన తాతలు మిషన్ బోర్డింగుల్లో చదివి పైకి రాలేదా?" అనీ అంటారు. వచ్చారు. నెల్లూరు, ఒంగోలు మిషన్ బళ్ళకు మనం ఋణస్థులం. కాని ఆనాడు ఊరి బడి అరుగు కూడా మనవాళ్ళను ఎక్కనిచ్చేవారు కాదు. తలుపు మూశారు గనుక ఊరు దాటారు. నేడు ఆ తలుపు తెరిచే ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు 5వ తరగతిలో, నవోదయ, కస్తూర్బా బళ్ళు 6వ తరగతిలో చేర్చుకుంటాయి. ఆ సీటు కోసమని రెండు మూడేళ్ళ ముందే బిడ్డను ఇంటికి దూరం చేయడం ఏం న్యాయం?

బడి నడిపే విశ్వాసులకూ ఒక మాట. బోర్డు మీద వాక్యం రాయించి లోపల బెత్తం పట్టుకోకండి. విద్యాహక్కు చట్టం 2009 కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. మత్తయి 18:6లోని తిరుగటిరాయి చట్టం కన్నా బరువైనది.

మిరప కోతలకు, బేల్దారి పనికి వలస పోయేవారిని మేము తప్పుపట్టడం లేదు. వారికి హాస్టల్ అవసరం. ఆ పిల్లల్ని నెలనెలా వెళ్ళి చూసి రావడం మన సంఘం బాధ్యత.

"ఇంట్లో చదువు చెప్పేవారు లేరు" అనే మాట మాత్రం నిజం. అందుకే ఈ జూన్ నుంచి సాయంత్రం 6 నుంచి 8 వరకు చర్చి హాలు తెరిచి ఉంచుతాము. డిగ్రీ చదివిన మన యౌవనస్థులు వచ్చి కూర్చోవాలి. పిల్లలు చదువుకుని, ప్రార్థన చేసుకుని, అమ్మ పెట్టిన అన్నం తిని అమ్మ పక్కన పడుకుంటారు.

హాస్టల్ ఫీజు కట్టే ముందు ఒక్క రాత్రి ఆ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థించండి. ప్రభువు మీకు వివేకము దయచేయును గాక. ఆమేన్.